వేలములో భూమి కొనదలచిన రైతులకు



పూర్వము వేలము పాట యనగా ఊరిలో టముకు వేయించి, చావడి యొద్ద జనము చూచుచుండగా అమీను మూడు మారులు పిలిచి పాట కొట్టివేయుటయే. నేడు కోర్టు వేలములు కొన్ని అట్లే జరుగుచున్నను, బ్యాంకుల వేలములు చాలవరకు కంప్యూటరు తెరమీదనే ముగియుచున్నవి. పలాసలో జీడిపప్పు కర్మాగారము, బొబ్బిలి దాపున రైసు మిల్లు, రాజాములో ఇంటి స్థలము, ఎక్కడనో నాలుగెకరముల తోట - ఇట్టి వానిని గూర్చిన ప్రకటనలను దినపత్రికలలో మీరును చూచుచునే యుందురు. పంట సొమ్మో, పిల్లల జీతముల మిగులో చేతిలో నున్న రైతునకు ఆ ప్రకటన చూడగానే, బజారు ధరకన్న తక్కువకు భూమి దొరకునను ఆశ కలుగును.

తక్కువకు దొరకుట కొన్ని తావుల నిజమే. అయితే ఎందువలన తక్కువో ముందు తెలిసికొనవలెను. మామూలుగా భూమి అమ్మువాడు హక్కులో లోపము లేదని కాగితము మీద పూచీ పడును. వేలములో అట్టి పూచీ యుండదు. ఉన్నది ఉన్నచోట, ఉన్నది ఉన్నట్లుగా అమ్ముచున్నామని ప్రకటనలోనే వ్రాసెదరు. ఆ ఒక్క వాక్యముతో విచారణ భారమంతయు కొనువాని నెత్తిన పడుచున్నది. తగ్గిన ధర ఆ భారమునకు కూలి వంటిది.

ఇది మన ప్రాంతమునకు క్రొత్త సంగతి కాదు. 1802లో శాశ్వత పైసలా వచ్చిన తరువాత, జమీందారుల క్రింద లేని హవేలీ భూములను ముఠాలుగా విభజించి ఉత్తర సర్కారులలో వేలము వేసిరి. ఆనాడు శ్రీకాకుళము గంజాం జిల్లాలోనిది. పోటీపడి హెచ్చుపాట పాడినవారిలో పలువురు ఏటేటా కట్టవలసిన పేష్కషు చెల్లింపలేక చతికిలబడగా, ఆ ముఠాలు తిరిగి సర్కారు చేతికే వచ్చినవి. కొన్నవారు పాడిన ధరనే చూచిరి గాని, ఆ భూమి ఏటికి ఎంత ఇచ్చునో చూడలేదు.

అమ్మువారెవరు?

వేలము వేయువారినిబట్టి చట్టము మారును, గడువులు మారును. బ్యాంకులు 2002 నాటి సర్ఫేసీ చట్టము క్రింద, కోర్టుకు పోకుండగనే, తాకట్టు ఆస్తిని అమ్మగలవు. కోర్టువారు డిక్రీ అమలునకై సివిల్ ప్రొసీజరు కోడులోని 21వ ఆర్డరు ననుసరింతురు. సర్కారు బకాయిలకు 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టము కలదు. సహకార సంఘములకు, సహకార బ్యాంకులకు 1964 నాటి సహకార సంఘముల చట్టము వేరుగా నున్నది. ఇవి గాక దేవస్థానముల భూములను కౌలుకిచ్చు పాటలు కలవు. వానిని గూర్చి చివర చెప్పెదను. ప్రకటన చేత పట్టుకొనగానే అది ఏ చట్టము క్రింద వెలువడినదో మొదటి పంక్తులలో వెదకుడు.

రైతు ముఖ్యముగా ఎరుగవలసిన దొకటి కలదు. సర్ఫేసీ చట్టము 31వ సెక్షను ప్రకారము వ్యవసాయ భూమిపై గల తాకట్టుకు ఆ చట్టము వర్తింపదు. కావున బ్యాంకు ఇ-వేలములో "ఖాళీ స్థలము" అని వ్రాసిన ఎకరము, రెండెకరముల ముక్కను చూడబోయినపుడు అక్కడ వరి మోళ్ళో, గోగు పైరో కనిపించెనా, ఆగి ఆలోచింపవలెను. రేపు బాకీదారు అది సాగుభూమియని విశాఖపట్టణములోని ఋణ వసూలు ట్రిబ్యునలుకు ఎక్కవచ్చును. 2018లో సుప్రీముకోర్టు ఇట్టి వివాదములో, రెవెన్యూ రికార్డులో ఏమని వ్రాసియున్నదను ఒక్కటే చాలదనియు, భూమి నిజస్థితి యేమో సాక్ష్యమునుబట్టి తేల్చవలసినదే యనియు చెప్పెను. ఆ తగాదా తేలువరకు మీ సొమ్ము అక్కడ, భూమి ఇక్కడ, మీరు నడుమ. వ్యవసాయేతర భూమిగా మార్పు జరిగియున్నచో ఆ ఉత్తరువు నకలు చూపుమని బ్యాంకు అధికారిని అడుగుడు. చూపలేకున్నచో ఆ పాటను వదలివేయుట మేలని నా అభిప్రాయము. సాగుభూమినే కొనదలచినవారికి కోర్టు, రెవెన్యూ, సహకార వేలములే తగిన దారి.

కాగితములు

సర్వే నంబరు, విస్తీర్ణము, నాలుగు సరిహద్దులు ప్రకటనలో నుండును. వానిని చేతబట్టుకొని అడంగలు, 1-బి, ఎఫ్.ఎమ్.బి. పటము, కనీసము ముప్పది యేండ్ల ఈ.సి. తీయించుడు. మన జిల్లాలలో ఇది చాలదు. ఇక్కడి గ్రామములలో అధికభాగము ఒకనాడు విజయనగరము, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి ఎస్టేటులలోనివి. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము తరువాతనే సర్వే, సెటిల్మెంటు జరిగి రైతులకు పట్టాలు వచ్చినవి. అందుచేత ఎస్టేటు గ్రామములలో మూలము సెటిల్మెంటు ఫెయిర్ అడంగలే. నేటి 1-బి లో ఎవరి పేరున్నను, ఫెయిర్ అడంగలులో ఆ నంబరు జిరాయితీగా నున్నదా, చెరువు గర్భమా, గెడ్డ పోరంబోకా, ఇనామా యని చూడవలెను. బంద పూడిపోయి రెండు తరములుగా సాగగుచున్న భూమి కాగితములో ఇంకను బందయే.

రిజిస్ట్రేషను చట్టములోని 22-ఎ సెక్షను క్రింద నిషేధ జాబితా యొకటి సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున నుండును. ప్రభుత్వ భూములు, దేవాదాయ భూములు, డి-పట్టా భూములు అందు చేరియుండును. 1977 నాటి అసైన్డు భూముల చట్టమువలన డి-పట్టా భూముల చేతి మార్పిడికి ఆంక్షలు కలవు. జాబితాలో మీ నంబరున్నచో పాట గెలిచినను కాగితము ముందుకు సాగదు.

కొండ దిగువ భూములు కొనువారు మరింత జాగరూకులు కావలెను. సీతంపేట, గుమ్మలక్ష్మీపురము వంటి ఏజెన్సీ ప్రాంతములలో 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలు, వానిని సవరించిన 1970 నాటి 1/70 నిబంధన అమలులో నున్నవి. షెడ్యూల్డు గ్రామములో స్థిరాస్తి గిరిజనేతరునకు చేరుట చెల్లదు. అమ్మినవాడు గిరిజనేతరుడైనను ఇంతే. 1988లో సుప్రీముకోర్టు ఈ నిబంధనను సమర్థించెను. ఒకే మండలములో కొన్ని గ్రామములు షెడ్యూల్డు, కొన్ని కావు. కావున మండలము పేరు చూచి ఊరకుండక, గ్రామము పేరును తహశీలుదారు కార్యాలయమున విచారింపుడు.

పొలము చూచుట

బ్యాంకువారు తనిఖీకి ఒక దినము నియమింతురు. ఆ దినమున పోవుడు గాని, అంతకుముందే రెండు మారులు, ఎవరికిని చెప్పకుండ, పోయి రండు. ఒకమారు ఉదయము పశువులు తోలుకొనిపోవు వేళ, మరియొకమారు ప్రక్క పొలములలో పని జరుగుచున్నప్పుడు పోవుట మంచిది. కాగితము చెప్పని సంగతులు ప్రక్క కమతము రైతు చెప్పును.

మొదట దారి చూడుడు. బండి గాని ట్రాక్టరు గాని పోవుటకు పుంత యున్నదా, లేక ఇతరుల గట్లమీదుగా పోవలసినదేనా? పాత యజమాని బంధువు గనుక ప్రక్కవారు దారి ఇచ్చి యుందురు. వేలములో కొన్న పరాయివానికి ఇత్తురని తలంపరాదు. ఎఫ్.ఎమ్.బి. లో దారి గీత లేనిచో ఆ భూమి విలువ మీ లెక్కలో గణనీయముగా తగ్గవలెను.

తరువాత నీరు. వంశధార, నాగావళి, తోటపల్లి కాలువల ఆయకట్టు అని ప్రకటనలో వ్రాసియుండవచ్చును. ఏ పిల్లకాలువ, ఏ మదుము, కాలువ మొదటనా చివరనా యని అడుగుడు. గడచిన మూడు ఖరీఫులలో నీరు ఏ నెలలో అందినదో, ఆకుమడి ఎప్పుడు పోసిరో ముగ్గురిని వేరువేరుగా అడిగినచో నిజము తేలును. కాలువ చివరి భూమికి ఆయకట్టు పేరు మాత్రమే దక్కి, ఉభలు వానమీదనే జరుగుచుండవచ్చును. చెరువు క్రింద భూమియైనచో చెరువు పూడిక, కట్ట, అలుగు చూడవలెను. బోరు, మోటారు ఉన్నచో విద్యుత్ సర్వీసు ఎవరి పేర నున్నదో, అది వేలములో చేరినదో లేదో వ్రాతపూర్వకముగా తెలిసికొనుడు. కొబ్బరి, జీడి, మామిడి చెట్ల సంగతియు అంతే.

నేలను పైపైన చూచి నిర్ణయింపరాదు. మూడు చోట్ల రెండు మూడడుగుల గోతులు తీయించుడు. ఎర్ర గరువు నేలలలో పైన మంచి ఇసుకపాటి మన్ను కనిపించినను, అడుగుదిగువ గులకరాతి పొర తగులుట కద్దు. అట్టి నేల జీడికి సరిపోవును గాని, వరికి గాని చెరకునకు గాని పనికిరాదు. సముద్రపు ఒడ్డు మండలములలో వేసవిలో గట్లమీద తెల్లని పొర, మడిలో చోటుచోట పైరు మొలవని మచ్చలు ఉప్పు జాడలు. మన్ను నమూనా, బోరు నీటి నమూనా రెండింటిని పరీక్షకు పంపుడు. ఫలితము వచ్చువరకు ఓపిక పట్టుడు. ప్రకటనకు పాటకు నడుమ తొలి వేలమునకు ముప్పది దినముల వ్యవధి యుండును గాన సమయము చాలును. ఒకమారు వేలము తప్పి మరల వేసినపుడు మాత్రము ఈ వ్యవధి పదునైదు దినములే.

పొలములో ఎవరున్నారో చూచుట అన్నిటికన్న ముఖ్యము. కౌలుదారున్నచో చట్టము అతనికి ఏమైన రక్షణ ఇచ్చునేమో విచారింపుడు. ఇల్లైనచో కాపురమున్నవారెవరు? బ్యాంకు ప్రకటనలో స్వాధీనము "భౌతికము" అనియో "సాంకేతికము" అనియో వ్రాసియుండును. సాంకేతికమనగా తలుపుమీద కాగితము అతికించిరి, లోపల మనుష్యులు అట్లే యున్నారని అర్థము. 14వ సెక్షను క్రింద కలెక్టరు లేక మేజిస్ట్రేటు సహాయముతో వారిని కదల్చుటకు నెలలు పట్టవచ్చును.

మిల్లు, గిడ్డంగి కొనువారు కరెంటు బాకీ అడుగుట మరువరాదు. 2023లో సుప్రీముకోర్టు, సరఫరా నిబంధనలు అనుమతించినచో పాత యజమాని విద్యుత్ బకాయిని వేలములో కొన్నవానినుండి రాబట్టవచ్చునని తీర్పు చెప్పెను. ఉన్నది ఉన్నట్లుగా కొన్నవాడు బాకీల సంగతి విచారించియే కొనెనని భావింతురు.

ధరావతు - ఇచ్చటనే నష్టము

ఒక లెక్క చూతము. ఒక గిడ్డంగికి బ్యాంకు కనీస ధర 20,00,000 రూపాయలు పెట్టినదనుకొందము. సాధారణముగా నూటికి పది వంతున 2,00,000 ధరావతు ముందుగా కట్టవలెను. పాట మీకు 23,00,000కు ఖాయమైనది. ఆ దినముననే, లేదా మరుసటి పనిదినమున, పాట మొత్తములో నాల్గవ వంతు, అనగా 5,75,000 పూర్తి చేయవలెను. ధరావతు పోను ఇంకను 3,75,000 సిద్ధముగా నుండవలెను. మిగిలిన 17,25,000 అమ్మకము ఖాయపరచిన పదునైదు దినములలో కట్టవలెను. బ్యాంకు వ్రాతపూర్వకముగా ఒప్పుకొన్నచో గడువు పెరుగును గాని, అదియు మూడు నెలలకు మించదు.

కట్టలేకపోయినచో? 5,75,000 పోవును. ఆస్తిని మరల వేలము వేసి బ్యాంకు నష్టపోలేదు గదా, కొంతైన తిరిగి ఇండని కోర్టుకు పోయినవారికి 2024లో సుప్రీముకోర్టు ఒప్పుకొనలేదు. నాల్గవ వంతు పూర్తిగా జప్తు చేయుట చెల్లునని తేల్చెను. ఆరెకరముల వరిపై పది పన్నెండేండ్లు కూడబెట్టిన సొమ్ము ఒక్క తప్పిన తేదీతో పోవచ్చును. చెరకు సొమ్ము వచ్చునని, చీటీ ఎత్తుకొందునని, అల్లుడు పంపునని నమ్మి పాటకు దిగరాదు. వేలములో కొన్న ఆస్తిమీద మరియొక బ్యాంకు పదునైదు దినములలో అప్పు ఇచ్చుట కష్టము. ఇచ్చునట్లైనచో ఆ మాట ముందే కాగితము మీద తీసికొనుడు.

కోర్టు వేలములో పాట ముగిసిన వెంటనే నాల్గవ వంతు, పదునైదు దినములలో మిగిలినది చెల్లింపవలెను. రెవెన్యూ వేలములో నూటికి పదునైదు వంతులు అప్పుడే, మిగిలినది ముప్పది దినములలో. కోర్టు వేలములో మరియొక మెలిక కలదు. అరువది దినములలోగా బాకీదారు బాకీయు, కొన్నవానికి పాట సొమ్ముపై నూటికి ఐదు వంతులును కోర్టులో కట్టి అమ్మకమును రద్దు చేయించుకొనవచ్చును. కావున కోర్టు అమ్మకమును ఖాయపరచువరకు ఆ పొలములో బోరు వేయుట, గట్లు తీయుట, మొక్కలు నాటుట చేయరాదు. బ్యాంకు వేలములలో 2016 సవరణ తరువాత బాకీదారు విడిపించుకొను హక్కు వేలపు ప్రకటన వెలువడువరకే యని 2023లో సుప్రీముకోర్టు చెప్పెను. అయినను ప్రకటనలోనో నోటీసులోనో లోపమున్నదని ట్రిబ్యునలుకు పోవు దారి అతనికి ఉండనే యున్నది. వ్యాజ్యమేదైన నడుచుచున్నదా యని బ్యాంకును ఉత్తరమువ్రాసి అడిగి, జవాబును దాచుకొనుడు.

పాటనాడు

పాట ఎవరి పేరున పాడితిరో విక్రయ ధ్రువపత్రము వారి పేరుననే వచ్చును. భార్య పేర కావలెనన్నచో ఆమె పేరుననే నమోదు చేయించుడు. పిదప మార్చుట కుదరదు. ఇతరుని సొమ్ముతో మీ పేర పాడుట 1988 నాటి బేనామీ చట్టమునకు చిక్కును.

కంప్యూటరు పాటకు నమోదు, గుర్తింపు కాగితములు, ధరావతు ఇవన్నియు గడువునకు రెండు దినములు ముందే ముగించుడు. ప్రభుత్వ రంగ బ్యాంకుల ఆస్తులు బ్యాంక్‌నెట్ అను ఒకే వేదికమీదకు 2025లో వచ్చినవి. ధరావతును ప్రకటనలో అచ్చైన ఖాతాకు తప్ప, తక్కువకు ఇప్పింతునని వచ్చిన మధ్యవర్తి చేతికి ఒక్క రూపాయి ఈయరాదు. మీ రహస్య పదమును కొట్టువానికి చెప్పరాదు. ఇంటిలో చదువుకొన్న పిల్లలచే చేయించుట ఉత్తమము. చివరి నిమిషములలో ఎవరైన పాట పెంచినచో గడువు మరికొన్ని నిమిషములు పొడిగింపబడును. తెర ముందు కూర్చున్నవానికి ఇది ఆటవలె తోచి, యాభైవేలు చిన్న మొత్తముగా కనిపించును. కావున ముందురోజే ఇంటివారితో కూర్చుండి గరిష్ఠ ధర కాగితముపై వ్రాసి, అది దాటగానే లేచిపొండు. ఊరిలో బహిరంగముగా జరుగు పాటలలో ధరకన్న పంతము ఎక్కువ పని చేయును. అవతలి పాటదారు మీ పాత పగవాడైనచో మీ బదులు తమ్మునినో బావమరదినో పంపుట క్షేమకరము.

పాటదారులందరు ముందుగా కూడబలుకుకొని ఒకరినే పాడనిచ్చి, తరువాత లాభము పంచుకొను పద్ధతి అక్కడక్కడ కలదు. దానిలో చేరవద్దు. మోసము ఋజువైనచో కోర్టు అమ్మకమే రద్దగును.

మరియొక మాట. వేలమునకు వచ్చినది మీ ఊరివాని పొలమే కావచ్చును. కొనుట తప్పని నేననను. కొననిచో పరాయివాడు కొనును. అయితే పాటకు ముందే ఆ ఇంటి పెద్దతో ఒకమారు మాటలాడుడు. బాకీ తీర్చుకొను ప్రయత్నములో నున్నాడా, కోర్టుకు పోవునా, కోతకు వచ్చిన పైరున్నదా యను సంగతులు ఏ కార్యాలయములోను దొరకవు. ఆ మాటలాడకుండ కొన్నవానికి కూలీలు దొరకని ఊళ్ళున్నవి.

దేవస్థానపు కౌలు పాటలు

దేవాదాయ భూమిని అమ్మవలెనన్నచో 1987 నాటి చట్టము 80వ సెక్షను ప్రకారము కమిషనరు ముందస్తు అనుమతి కావలెను. అది లేని అమ్మకము చెల్లదు. కౌలు పాటలు మాత్రము ఏటేటా జరుగుచునే యుండును. 82వ సెక్షనులో భూమిలేని నిరుపేదకు ప్రత్యేక స్థానము కలదు. స్వంతము, కౌలు కలిపి రెండున్నర ఎకరముల పల్లము గాని, ఐదెకరముల మెట్ట గాని మించనివారు, ఇతర ఆదాయపు మితికి లోబడినచో, ఆ నిర్వచనములోనికి వత్తురు. మీరట్టివారైనచో పాటకు దిగకముందే కార్యనిర్వహణాధికారికి అర్జీ పెట్టుకొనుడు.

కౌలుకు ఎంతవరకు పాడవచ్చును? ఎకరమునకు ఎనుబది కిలోల బస్తాలు 25, అనగా 20 క్వింటాళ్ళు పండుననుకొందము. 2025-26 సాధారణ రకపు మద్దతు ధర క్వింటాలు 2,369 చొప్పున 47,380 రూపాయలు. దుక్కి, ఉభలు, ఎరువు, కోత, నూర్పు కలిపి ఖర్చు 32,000 అనుకొన్నచో 15,380 మిగులును. పాటలో చాలమంది ఇంతవరకు పాడుదురు. కాని మన తీరమున ప్రతి ఏడు ఒక్క రీతిగా నుండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస యొద్ద తీరము దాటిన తిత్లీ, వరి పొట్టమీద, వెన్నుమీద నున్నపుడే వచ్చినవి. నాలుగేండ్లలో ఒక ఏడు సగము పంటయే యనుకొన్నచో సగటు పదిహేడున్నర క్వింటాళ్ళు, విలువ సుమారు 41,460. ఖర్చు పోగా 9,460. మీ కష్టమునకు కూలి ఈ ఖర్చులో చేర్చనిచో అదియు ఇందులోనుండియే రావలెను. అనగా తొమ్మిదివేలకు పాడినవాడు కూడ కూలి లేకయే సాగుచేయుచున్నాడు. వరి తరువాత తేమలో మినుము, పెసర చల్లుటకు వీలున్న పల్లమైనచో కొంత హెచ్చుగా పాడవచ్చును. ఎంతయనునది మీ ఊరి గత నాలుగేండ్ల పంటనుబట్టి వేసికొనుడు. తుపాను ఏట కౌలు తగ్గింపు ఉన్నదో లేదో పాట షరతులలో చదువుడు. చదివి వినిపించుమని అడుగుటకు సంకోచింపవద్దు.

పాట ముగిసిన పిమ్మట

కొన్న ఆస్తికి సొమ్మంతయు చెల్లించిన తరువాత విక్రయ ధ్రువపత్రము ఇత్తురు. అందలి సర్వే నంబరు, విస్తీర్ణము, సరిహద్దులు, మీ పేరు, తండ్రి పేరు అక్షరమక్షరము సరిచూచుకొని కాని సంతకము చేయరాదు. తప్పున్నచో అక్కడనే దిద్దింపుడు. దాని నకలు సబ్ రిజిస్ట్రారు పుస్తకములలో చేరునట్లు చూచుకొని, ఏ సుంకము పడునో పాటకు ముందే ఆ కార్యాలయమున అడిగియుండుడు. తరువాత తహశీలుదారుకు మ్యుటేషను అర్జీ. కోర్టు అమ్మకమైనచో 95వ రూలు క్రింద స్వాధీనమునకు వేరుగా దరఖాస్తు పెట్టవలెను, ఆలస్యము చేయవద్దు. సర్వేయరు వచ్చి రాళ్ళు పాతు దినమున నాలుగు ప్రక్కల రైతులను పిలిపించి, వారి సంతకములు పంచనామాలో తీసికొనుడు.